64 పార్టిషన్లూ, మా చిన్నాయన నిలబడ్డ లైనూ

తెలుగువాళ్ళ దగ్గర పార్టిషన్ అనగానే ఒకరికి రాష్ట్రం గుర్తొస్తుంది, ఇంకొకరికి అన్నదమ్ముల మధ్య పొలం గట్టు గుర్తొస్తుంది. నాబోటి ఈటీఎల్ కూలీకి మాత్రం అర్ధరాత్రి మేనేజరు పెట్టే మెసేజీ గుర్తొస్తుంది. "జాబ్ స్లోగా ఉంది, పార్టిషన్లు పెంచు." ప్రాజెక్టులు మారాయి, కంపెనీలు మారాయి, కింద సర్వర్లు పోయి క్లౌడ్ వచ్చింది. ఈ ఒక్క వాక్యం మాత్రం చెక్కు చెదరలేదు :-)

నిజం చెప్పాలంటే అది మరీ తప్పు సలహా కూడా కాదు. ఒక డేటాబేసులోంచి తీసి ఇంకో డేటాబేసులో పోసే పనైతే, రెండూ మనవే అయితే, సీపీయూ ఖాళీగా ఉంటే, పార్టిషన్లు పెంచితే పని తొందరగా అవుతుంది. తేడా ఎక్కడొస్తుందంటే, మధ్యలో వెబ్ సర్వీసు ఉన్నప్పుడు. ఆ సర్వీసు మనది కాదు, దాని వెనకున్న డేటాబేసు మనది కాదు, దాన్ని వాడుకునేది మనమొక్కళ్ళమే కాదు. అయినా మనం ఆ సెషన్‌ని కూడా మన సొంత టేబుల్‌లాగే ట్యూన్ చేసేస్తాం.

నా వాదన ముందే చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. వెబ్ సర్వీసుని పిలిచే సెషన్‌కి ఎన్ని పార్టిషన్లు పెట్టాలన్నది మన సర్వర్‌ని చూసి తేల్చే విషయం కాదు. అవతలి సర్వీసు ఎంత మోయగలదో, ఆ సమయంలో దాని ముందు ఇంకా ఎవరెవరు నిలబడి ఉన్నారో చూసి తేల్చాల్సిన విషయం.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. గడ్డి తిని నేర్చుకున్నా.

నేను వెలగబెట్టిన ఘనకార్యం

నాలుగేళ్ళ కిందటి మాట. కంపెనీ పేరు, క్లయింటు పేరు అడక్కండి. రోజూ తెల్లారుజామున 3 గంటలకి ఒక ఫైలు వస్తుంది. అందులో ఒక్కో వరసకి ఒక వెబ్ సర్వీసుని పిలవాలి, అవతల రికార్డు అప్‌డేట్ అవ్వాలి, వాళ్ళిచ్చే రెఫరెన్సు నంబరు తెచ్చి మన టేబుల్‌లో రాసుకోవాలి. ఇదంతా పొద్దున 6 లోపల అయిపోవాలి. ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్‌లో చేశాం. ఒక్కో పిలుపుకి సగటున 300 మిల్లీసెకన్లు.

మొదట్లో 2 లక్షల వరసలు వచ్చేవి. ఒక్క పార్టిషన్‌తో అయితే 60,000 సెకన్లు, అంటే 16 గంటల 40 నిమిషాలు. 8 పార్టిషన్లు పెడితే 2 గంటల 5 నిమిషాలు. ఐదింటికల్లా పని ఖతం, అందరూ హ్యాపీ.

ఒక రోజు ఫైలు 4 లక్షలకి పెరిగింది. 4 గంటల 10 నిమిషాలు పట్టి, 7 దాటాక గానీ అవ్వలేదు. మామూలు మెసేజీ రానే వచ్చింది. పవర్‌సెంటర్‌లో ఒక పార్టిషన్ పాయింటు దగ్గర 64 దాకా పెట్టుకోవచ్చు. నేను కాగితం మీద లెక్క వేశా. 4 లక్షలు ఇంటు 0.3, దాన్ని 64తో భాగిస్తే 1,875 సెకన్లు. అరగంట పైన ఒక నిమిషం! 8 తీసి 64 పెట్టేశా. "ఇంత చిన్న మార్పుకి టెస్టింగెందుకు" అని అనుకున్న మహానుభావుణ్ణి కూడా నేనే.

ఆ రోజు జాబు పొద్దున పదిన్నర దాటినా అవ్వలేదు. అవతలి సర్వీసు ఒకేసారి 20 పిలుపులకి మించి పట్టుకోలేదట. మిగతా 44 గుమ్మం బయట నిలబడ్డాయి. ఉత్త క్యూ లెక్క ప్రకారమైతే ఒక్కో జవాబుకి 1 సెకను పట్టాలి, అంతే. కానీ ఇరవై మందీ వెళ్ళి వెనక ఒకే టేబుల్ మీద లాకుల కోసం కొట్టుకున్నారు. 1 సెకను పది అయింది, పది ముప్ఫై అయింది. మేం పెట్టిన టైమవుట్ 30 సెకన్లు. టైమవుట్ అయితే వెంటనే మళ్ళీ పిలువు, మూడుసార్లు ప్రయత్నించు అని కూడా నేనే రాసుకున్నా. అంటే అవతలివాడు ఊపిరాడక కొట్టుకుంటుంటే, ప్రతి పిలుపునీ ఇంకోసారి, మరోసారి నెత్తిన వేశాను.

ఇంకో దారుణం ఏంటంటే, మనకి టైమవుట్ వచ్చిందంటే అవతల పని జరగలేదని కాదు. జవాబు మనకి చేరలేదని మాత్రమే. చాలా వరసలకి పని అయిపోయింది, మేం మళ్ళీ పంపాం, మళ్ళీ అయింది. ఒకే మనిషి పేరు మీద రెండేసి, మూడేసి రెఫరెన్సు నంబర్లు. వాటిని ఏరి శుభ్రం చెయ్యడానికి వారం పట్టింది.

పది గంటలకి అవతలివాళ్ళు ఫోన్ చేశారు. తిట్టలేదు. "మీ జాబు ఆపుతారా, మా కౌంటర్ల ముందు జనం నిలబడి ఉన్నారు" అన్నారు. అంతవరకూ ఆ సర్వీసుకి కౌంటర్లు ఉన్నాయన్న సంగతే నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఒక డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు, ఒక ఎండ్‌పాయింటు, ఒక పాస్‌వర్డు.

చిన్నాయన ఫోను

ఆ వారంలోనే మా చిన్నాయన ఫోన్ చేశాడు. మాది వనపర్తి పక్కన పల్లెటూరు. చెల్లెలి కాలేజీ అడ్మిషనుకి ఆదాయం సర్టిఫికెట్ కావాలి, ఆఖరు తేదీ దగ్గర పడుతోంది. రెండు రోజులుగా ఊరినుంచి బస్సెక్కి పట్నం పోవడం, లైన్లో నిలబడడం, తిరిగి రావడం.

"సర్వర్ డౌన్ ఉన్నదంట బిడ్డా. నిన్న గూడ గట్లనే అన్నరు. నువ్వు గా కంప్యూటర్ల పనే జేస్తవ్ గద, గా సర్వర్ ఎందుకు పండుకుంటది? జెర జెప్పు."

ఆ రోజు ఆయన ముందు పడిపోయిన సర్వర్‌కీ నా జాబుకీ ఏ సంబంధమూ లేదు. అది వేరే వ్యవస్థ, ఎందుకు పడిపోయిందో కూడా నాకు తెలీదు. కానీ నేను పడగొట్టిన సర్వర్ ముందు కూడా ఎవరో ఒకరి చిన్నాయన నిలబడే ఉంటాడు కదా. ఆ రోజు కూలీ పోయి, బస్సు చార్జీలు పోయి, "రేపు రా" అనిపించుకుని ఇంటికి పోయి ఉంటాడు.

నేను నా గొప్ప పని సంగతి ఆయనకి చెప్పేశా. ఆయన వయసులో ఉన్నప్పుడు పాలమూరు జనం చాలామందిలాగే గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, పూనా పోయి కట్టడాల్లో పనిచేసినవాడు. ఒక్క నిమిషం ఆలోచించి అన్నాడు. "పైన ఇటుక వేర్చే మేస్త్రీ ఒక్కడుండె. కిందికెల్లి మోసేటోళ్ళను పది మందిని వెట్టినవ్. మరి ఇటుకలు పైన గుట్టవడవా? కట్టెలు ఇర్గవా? గీ మాత్రం తెల్వదా నీకు?"

తెలీలేదు చిన్నాయనా. సర్టిఫికేషన్ పరీక్షలో ఈ ప్రశ్న రాలేదు.

మా జిల్లాలో ఉన్న పైప్‌లైను

ఆయన చెప్పింది మా నాగర్‌కర్నూల్ జిల్లాలో ఇంతకంటే పెద్ద సైజులో కనిపిస్తుంది. మహాత్మా గాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం. శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళని కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఎత్తుతారు. అక్కణ్ణించి జొన్నలబొగుడ, అక్కణ్ణించి గుడిపల్లిగట్టు. మొత్తం మూడు దశలు. ఒక్కో దశలో ఐదేసి పంపులు, ఒక్కోటి 30 మెగావాట్లు.

మన భాషలో చెప్పాలంటే, మూడు దశలూ ఒకదాని తర్వాత ఒకటి నడిచే పైప్‌లైను. ప్రతి దశలో ఐదు పంపులు ఐదు పార్టిషన్లు. మధ్యలో సింగోటం లాంటి జలాశయాలు బఫర్లు. ఇప్పుడు గుడిపల్లిగట్టు దగ్గర ఐదు పంపుల్ని పదిహేను చేశామనుకోండి. చివరి పొలానికి నీళ్ళు మూడింతలు వస్తాయా? రావు. ఎల్లూరులో ఎత్తిందే ముందుకి పోయేది. 2020 అక్టోబరులో ఎల్లూరు పంప్‌హౌస్ నీట మునిగింది. మొదటి దశ ఆగితే పై రెండు దశల్లో పంపులు ఎంత బ్రహ్మాండంగా ఉన్నా, మధ్య జలాశయాల్లో ఉన్నంతసేపే వాటి పని.

మన సెషన్ కూడా అంతే. రీడర్ థ్రెడ్డు, మధ్యలో ట్రాన్స్‌ఫర్మేషన్ థ్రెడ్డు, చివర్లో రైటర్ థ్రెడ్డు. సెషన్ లాగ్ చివర్లో ఒక్కో థ్రెడ్డు ఎంత శాతం బిజీగా ఉందో రాసి ఉంటుంది. ఏ దశ బిజీగా ఉంటే అదే బాటిల్‌నెక్, అక్కడ పార్టిషన్లు పెంచాలి, ఇదీ మనకి నేర్పిన సూత్రం. మామూలు సెషన్లకి ఇది బంగారం లాంటి సూత్రమే. వెబ్ సర్వీసు దగ్గర మాత్రం మోసం చేస్తుంది. జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న థ్రెడ్డు కూడా లాగ్‌లో "బిజీ"గానే కనపడుతుంది. నా జాబులో ఆ థ్రెడ్లు దాదాపు 100 శాతం బిజీ. అదే సమయంలో మా సర్వర్ సీపీయూ చూస్తే గోళ్ళు గిల్లుకుంటోంది. అంటే ఇరుకు మా దగ్గర లేదు, అవతల ఉంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూసుంటే 64 పెట్టేవాణ్ణే కాదు.

ఎన్ని పెట్టాలో లెక్క ఉంది

1961లో జాన్ లిటిల్ అనే ఆయన ఒక చిన్న సూత్రాన్ని నిరూపించాడు. లోపల ఉన్నవాళ్ళ సంఖ్య = సెకనుకి వచ్చేవాళ్ళ సంఖ్య ఇంటు ఒక్కొక్కరు లోపల ఉండే సమయం. బ్యాంకు లైనుకైనా, వెబ్ సర్వీసుకైనా ఇదే.

నా కేసులో చూడండి. ఒకేసారి 20 మందిని పట్టుకుంటుంది, ఒక్కొక్కరికి 0.3 సెకను. అంటే సెకనుకి 66 పిలుపులు చిల్లర. అదే ఆ సర్వీసు గరిష్ఠ శక్తి. 4 లక్షల వరసలకి ఎంత కొట్టుకున్నా 6,000 సెకన్లు, 1 గంట 40 నిమిషాలు. 20 పార్టిషన్లు పెట్టినా అంతే, 64 పెట్టినా అంతే, బ్రహ్మదేవుడొచ్చి 640 పెట్టినా అంతే. 20 దాటాక పెట్టిన ప్రతి పార్టిషనూ వేగాన్ని కాదు, క్యూని పెంచుతుంది.

పోనీ 20 పెడదామా? వద్దు. ఆ 20 కుర్చీలూ మనవి కావు. కౌంటర్ల వాళ్ళకీ కొన్ని ఉండాలి. వాళ్ళతో మాట్లాడితే "12 వాడుకోండి, 8 మాకు వదిలేయండి" అన్నారు. 12తో 10,000 సెకన్లు, 2 గంటల 47 నిమిషాలు. 3 గంటలకి మొదలైతే ఆరింటికి ముందే అయిపోతుంది! ఈ ఒక్క ఫోన్ కాల్ ముందే చేసుంటే అంత భాగోతం ఉండేది కాదు.

అసలు కొసమెరుపు వేరే ఉంది. తర్వాత ఫైలు విప్పి చూస్తే, 4 లక్షల వరసల్లో నిన్నటికీ ఇవాళ్టికీ నిజంగా మారినవి దాదాపు 90 వేలే. మిగతావి నిన్న పంపినవే, తు.చ. తప్పకుండా. మారినవి మాత్రమే పంపితే, 12 పార్టిషన్లతో, 2,250 సెకన్లు. ముప్ఫై ఏడున్నర నిమిషాలు. నేను 64 పార్టిషన్లతో కాగితం మీద కన్న కలకి ఆరు నిమిషాలే ఎక్కువ. అదీ ఎవర్నీ పడగొట్టకుండా!

అందుకే అంటున్నా, పార్టిషన్లు పెంచడం చివర చెయ్యాల్సిన పని. మొదట అడగాల్సింది ఇన్ని పిలుపులు అవసరమా అని. అదే కీ మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒక్కసారే పిలిచి జవాబు దాచుకోవచ్చు. ఒక్క పిలుపులో 100 రికార్డులు తీసుకునే ఆపరేషను ఆ సర్వీసులో ఉందేమో చూడొచ్చు. ఉంటే వంద రాకపోకలు ఒకటి అవుతాయి.

దేన్ని బట్టి పంచాలి?

ఎన్ని అన్నది తేలాక, ఎలా పంచాలన్నది ఇంకో గొడవ. చాలామంది డేటాలో కళ్ళకి కనపడే మొదటి కాలమ్ పట్టుకుని కీ రేంజ్ పెట్టేస్తారు. మన రాష్ట్రాల డేటాలో ఆ కాలమ్ పేరు సాధారణంగా "జిల్లా".

మా పాత మహబూబ్‌నగర్ జిల్లానే తీసుకోండి. 2016 అక్టోబరు 11న, దసరా రోజు, అందులోంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి. మొదటి ముసాయిదాలో గద్వాల లేదు, అక్కడి జనం పోట్లాడి సాధించుకున్నారు. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా విడిపోయింది. దీంతో ఒకే డేటాలో మూడు కాలాల జిల్లాలు కనిపిస్తాయి. 2016కి ముందు నమోదైన మనిషి మహబూబ్‌నగర్ కింద, తర్వాత నమోదైన వాడి తమ్ముడు వనపర్తి కింద. పాత పేరున్న పార్టిషన్ ఉబ్బిపోయి ఉంటుంది, కొత్త పేర్లవి తొందరగా పని ముగించి చేతులు కట్టుకుని కూర్చుంటాయి. సెషన్ ఎప్పుడు ముగుస్తుంది? అన్నిటికంటే లావుపాటి పార్టిషన్ ముగిసినప్పుడు.

పేర్లన్నీ సరిచేసినా జిల్లాలు సమానం కావు. 2011 జనాభా లెక్కల్ని ఇప్పటి సరిహద్దులకి సర్దితే వనపర్తి 5.78 లక్షలు, గద్వాల 6.10 లక్షలు, నాగర్‌కర్నూల్ 8.62 లక్షలు. మూడూ కలిపితే 20.5 లక్షలు. హైదరాబాదు ఒక్కటే 39.43 లక్షలు. జిల్లాకో పార్టిషన్ అన్నామంటే వనపర్తి పార్టిషన్ ఒక గంటలో ముగిస్తే, హైదరాబాదు పార్టిషన్ దాదాపు ఏడు గంటలు నడుస్తుంది.

ఇక స్పెల్లింగుల సంగతి. వనపర్తిని ఇంగ్లీషులో డబ్ల్యూతో రాసేవాళ్ళున్నారు, వీతో రాసేవాళ్ళున్నారు. నాగర్‌కర్నూల్ ఒకరికి ఒకే మాట, ఇంకొకరికి మధ్యలో ఖాళీ. గద్వాల ఒకచోట ఉత్త గద్వాల, ఇంకోచోట ముందు జోగుళాంబ. అక్షరాల మీద కీ రేంజ్ పెడితే ఒకే ఊరి మనుషులు వేరే వేరే పార్టిషన్లలో పడతారు. హాష్ పెట్టినా అంతే, చివర ఒక ఖాళీ స్పేసు ఉన్నా హాష్ మారిపోతుంది. ఒకే కుటుంబం తాలూకు రెండు మార్పులు రెండు పార్టిషన్లలో పడి, వెనకది ముందు చేరితే? కొత్త అడ్రసు మీద పాత అడ్రసు రాయబడుతుంది. ఏ ఎర్రరూ రాదు. లాగ్ పచ్చగా ఉంటుంది. రేషనో, పింఛనో మాత్రం పాత ఊరికి పోతుంది.

కాబట్టి ఊరి పేరుతో కాకుండా అంకెల్లో ఉన్న, మారని కీతో పంచండి. వరసల మధ్య క్రమం అక్కర్లేకపోతే రౌండ్ రాబిన్, ఒకే మనిషి వరసలు క్రమంలో పోవాలంటే ఆ మనిషి నంబరు మీద హాష్. కీ రేంజ్ తప్పదంటే ఒకటి గుర్తుంచుకోండి. పవర్‌సెంటర్‌లో మొదలు విలువ లోపలికి వస్తుంది, చివరి విలువ రాదు. 1 నుంచి 1000, 1001 నుంచి 2000 అని రాసుకుంటే 1000వ వాడు ఎవరికీ చెందడు. రిలేషనల్ సోర్సు దగ్గర పాస్ త్రూ పెట్టి ఫిల్టర్లు రాయడం మరిచిపోతే దీనికి సరిగ్గా రివర్సు, ప్రతి పార్టిషనూ మొత్తం డేటా చదివేస్తుంది. 64 పార్టిషన్లతో ఆ తప్పు చేస్తే అవతలివాడికి 64 రెట్లు!

సర్వీసునుంచి పేజీలు పేజీలుగా చదివేవాళ్ళకి ఇంకో మాట. ఒక పార్టిషన్ మొదటి పేజీ, ఇంకోటి రెండో పేజీ అని పంచుకున్నప్పుడు మధ్యలో అవతల కొత్త రికార్డు చేరితే పేజీలన్నీ ఒక అడుగు జరుగుతాయి. కొన్ని రెండుసార్లు వస్తాయి. మధ్యలో ఒక రికార్డు తీసేస్తే కొన్ని అసలు రావు. పేజీ నంబర్లతో కాదు, కదలని తేదీలతోనో, ఐడీల హద్దులతోనో పంచుకోవాలి.

"వాళ్ళ సర్వర్ చిన్నదైతే నా తప్పా?"

ఈ మాట నేను పనిచేసిన ప్రతి టీములోనూ విన్నా. ఒకప్పుడు నేనూ అన్నా. వాళ్ళు స్కేల్ చేసుకోవాలి, క్లౌడ్‌లో ఆటోస్కేలింగ్ పెట్టుకోవాలి, మనకి ఎస్‌ఎల్‌ఏ ఉంది, మన పని మనం చూసుకోవాలి.

ఇందులో సగం నిజం ఉంది. సర్వీసు ఇచ్చేవాడు తన హద్దు తాను చెప్పాలి. "చాలు, కాసేపాగి రా" అని చెప్పడానికి హెచ్‌టీటీపీలో 429 అనే కోడు 2012 నుంచి ఉంది. ఎంతసేపాగాలో చెప్పే హెడరూ ఉంది. అవి వాడకుండా నిశ్శబ్దంగా కూలిపోవడం వాళ్ళ తప్పే. బ్యాచ్ పనికీ, కౌంటరు పనికీ ఒకటే తలుపు పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

మిగతా సగం మాత్రం మనం తప్పించుకోవడానికి వేసే వేషం. ఆటోస్కేలింగ్ వెబ్ సర్వర్లని పెంచుతుంది, వాటి వెనక లాకుల కోసం కొట్టుకునే ఒక్క టేబుల్‌ని పెంచదు. ఎస్‌ఎల్‌ఏ విషయానికొస్తే, 64 పెట్టిన రోజు నా ఎస్‌ఎల్‌ఏ కూడా నాలుగున్నర గంటలు తప్పింది కదా! అవతలివాడిని తొక్కి మనం ముందుకెళ్ళే ఏర్పాటు వెబ్ సర్వీసుల్లో లేదు. వాడు పడితే మనమూ పడతాం.

మా గద్వాల పక్కన జూరాల ప్రాజెక్టుకి 62 గేట్లున్నాయి. పైన నారాయణపూర్ నుంచి వరద వస్తుంటే ఒక్కసారిగా అన్నీ ఎత్తి పారెయ్యరు. ఇన్‌ఫ్లో ఎంతో చూసి కొన్ని ఎత్తుతారు, పెరిగితే ఇంకొన్ని, తగ్గితే దించేస్తారు. దిగువ నది ఒడ్డున ఊళ్ళున్నాయని గుర్తుపెట్టుకుని, ముందు హెచ్చరించి మరీ వదులుతారు. 62 గేట్లున్నాయంటే 62 ఎత్తమని కాదు అర్థం. మా టూల్లో 64 అని రాసి ఉందంటే అర్థం కూడా అంతే.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే

కొత్త సెషన్ రాసేముందు అవతలి టీముకి ఒక ఫోన్. ఒకేసారి ఎన్ని పట్టుకుంటారు, పీక్ టైము ఎప్పుడు, మీ సర్వీసు ఇంకెవరు వాడతారు? ఈ మూడు ప్రశ్నలకి జవాబు రాకుండా డిజైను డాక్యుమెంటు మీద సంతకం పెట్టను.

2 పార్టిషన్లతో మొదలుపెడతా. తర్వాత 4, తర్వాత 8. ప్రతిసారీ సగటు జవాబు సమయం చూస్తా. పార్టిషన్లు రెండింతలైనా జవాబు సమయం అలాగే ఉంటే సరే. సమయం కూడా పెరగడం మొదలైందంటే హద్దు వచ్చేసింది, వెనక్కి ఒక అడుగు వేస్తా. కౌంటర్లు తెరిచే గంటకి జాబు ఇంకా నడుస్తుంటే దానంతటదే ఆగిపోయి, మిగిలింది రాత్రికి దాచుకునేలా రాస్తా.

మళ్ళీ ప్రయత్నించేటప్పుడు వెంటనే పిలవను. 2 సెకన్లు, 4, 8 ఇలా ఆగుతూ, దానికి కాస్త అటూ ఇటూ కలిపి పిలుస్తా. లేకపోతే పార్టిషన్లన్నీ ఒకే క్షణంలో లేచి మళ్ళీ మీద పడతాయి. ప్రతి వరసకీ మన వైపునుంచి ఒక మారని నంబరు పంపుతా. అదే నంబరు రెండోసారి వస్తే కొత్తగా చెయ్యకుండా పాత జవాబే ఇవ్వమని అవతలివాళ్ళని అడుగుతా. వాళ్ళు ఒప్పుకోకపోతే, అప్‌డేట్ చేసే పిలుపుకి ఆటోమేటిక్ రీట్రై అసలు పెట్టను. టైమవుట్ అయినవి విడిగా ఒక టేబుల్‌లో పడతాయి, పొద్దున మనిషి చూసుకుంటాడు.

ఇవేవీ కొత్తవి కావు. మనలో చాలామందికి తెలిసినవే. తెలిసీ ఎందుకు చెయ్యమంటే, మన స్క్రీన్ మీద అవతలివాడు ఒక యూఆర్‌ఎల్ మాత్రమే. యూఆర్‌ఎల్‌కి చెమట పట్టదు, బస్సు తప్పిపోదు, కూలీ పోదు.

అన్నట్టు, మా చిన్నాయనకి సర్టిఫికెట్ మూడో రోజు దొరికింది. చెల్లెలికి సీటూ వచ్చింది. మొన్న పండక్కి ఊరెళ్తే, ఇప్పుడేం పని చేస్తున్నావని అడిగాడు. అదే పని చిన్నాయనా, అన్నా.

"మరిప్పుడు ఎంతమందిని వెడ్తున్నవ్?"

"పన్నెండు మందిని."

"మేస్త్రీని అడిగినవా?"

అడిగాను చిన్నాయనా, ఈసారి అడిగే పెట్టాను.